లెక్క అప్పజెప్పవలసినది ఎవరికి?

వికలాంగులకు సహాయము చేసే అంతర్జాతీయ సంస్థల చందా ఉత్తరములు మన సంఘములలో చాలామందికి క్రొత్త కాదు. కాలు పోయిన బిడ్డ ఫొటో, దాని క్రింద రెండు మాటలు, నింపి పంపవలసిన ఫారము. ఊరు విడిచి వచ్చి రెండు మూడు తరములు గడచిన మన కుటుంబములలో, ముఖ్యముగా పిల్లలు విదేశములలో స్థిరపడిన ఇండ్లలో, ఇట్టి సంస్థలకు నెలనెలా కొంత పంపేవారు ఉన్నారు. ఇచ్చేముందు మనమందరము వేసే ప్రశ్న ఒక్కటే: "మనమిచ్చిన రూపాయిలో ఆ బిడ్డకు చేరేది ఎన్ని పైసలు?"

ఇది మంచి ప్రశ్న. చెమటోడ్చి సంపాదించినవారు తప్పక అడగవలసిన ప్రశ్న. అయితే ఇంతటితో ఆగిపోతే లెక్కలో సగమే అడిగినట్లు అవుతుందని మా అభిప్రాయము. మిగిలిన సగమును గూర్చి పాఠకులతో కలిసి ఆలోచించవలెనని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

ఒక సంస్థను ఉదాహరణగా తీసుకుందాము. కంబోడియా దేశములో యుద్ధము వలన, మందుపాతరల వలన కాళ్ళు పోగొట్టుకొని థాయిలాండ్ సరిహద్దు శిబిరములలో తలదాచుకొన్న శరణార్థుల కొరకు 1982లో కొందరు ఫ్రెంచి వైద్యులు హ్యాండీకాప్ ఇంటర్నేషనల్ అనే సంస్థను ప్రారంభించారు. వెదురు, కర్ర, తోలు మొదలైన, అక్కడ దొరికే సరుకుతోనే కృత్రిమ కాళ్ళు చేయించారు. ఫ్రాన్సులోని లియాన్ నగరము వారి కేంద్రము. మందుపాతరలను నిషేధించవలెనని 1992లో ఆరు సంస్థలు కలిసి ప్రారంభించిన ఉద్యమములో ఇదియు ఒకటి. ఆ ఉద్యమమునకు 1997లో నోబెల్ శాంతి బహుమతి లభించినది. 1995 నుండి ఫ్రాన్సు నగరములలో ప్రజలు తమ చెప్పులు, బూట్లు తెచ్చి నడివీధిలో గుట్టలుగా పోసి, కాళ్ళు పోయినవారిని జ్ఞాపకము చేసుకొనే కార్యక్రమము కూడ వీరు నడిపినదే. 2018లో ఈ సంస్థ తన పేరును హ్యుమానిటీ అండ్ ఇంక్లూజన్ అని మార్చుకొన్నది.

నేడు ఆ సంస్థ సుమారు 60 దేశములలో పనిచేస్తున్నది. ఫ్రాన్సుతో కలిపి ఎనిమిది దేశములలో దానికి చందాలు కూర్చే జాతీయ శాఖలున్నవి. ఆదాయములో ఎక్కువ భాగము ప్రభుత్వముల నుండి, ఐరోపా సమాఖ్య, ఐక్యరాజ్య సమితి వంటి పెద్ద దాతల నుండి వస్తుంది. తక్కినది సామాన్య ప్రజల చందాలు. ఆ ధనము జాతీయ శాఖ నుండి కేంద్ర కార్యాలయమునకు, అక్కడి నుండి ఒక దేశములోని ఆఫీసుకు, ఆ ఆఫీసు నుండి కంబోడియాలోని కంపాంగ్ చామ్ వంటి పట్టణములో ఉన్న కేంద్రమునకు, అక్కడ కాలి కొలత తీసుకొనే పనివానికి, చివరకు కాలు తొడుగుకొనే మనిషికి చేరవలెను. ప్రతి మెట్టు మీద ఒక లెక్క వ్రాయబడుతుంది. క్రింది మెట్టువారు పై మెట్టువారికి లెక్క అప్పజెప్పుతారు. పై మెట్టువారు ఇంకా పైవారికి అప్పజెప్పుతారు. అన్నింటికంటె క్రింది మెట్టు మీద నిలిచినవానికి మాత్రము ఎవరును లెక్క చూపనవసరము లేదు. అనగా డబ్బు క్రిందికి దిగుతుంది, లెక్క పైకే ఎక్కుతుంది.

పైకి ఎక్కే ఆ లెక్క అనవసరమని మేము చెప్పుట లేదు. అది లేకపోతే ఏమగునో ఫ్రాన్సు దేశమే చూచినది. అక్కడ కేన్సరు పరిశోధన కొరకు చందాలు పోగుచేసిన ఎ.ఆర్.సి. అనే గొప్ప పేరుగల సంస్థ ఒకటి ఉండెను. లక్షలాది ప్రజలు దానిని నమ్మి ఇచ్చారు. ప్రజల నుండి చందాలు అడిగే సంస్థలు ఆ చందాలు ఎట్లు ఖర్చయినవో పట్టిక చూపవలెనని, ప్రభుత్వ లెక్కల న్యాయస్థానము వారు వాటిని తనిఖీ చేయవచ్చునని 1991 ఆగస్టు 7న ఆ దేశములో ఒక చట్టము వచ్చినది. ఆ అధికారముతో లెక్కల న్యాయస్థానము ఎ.ఆర్.సి. పుస్తకములు తెరిచి 1996లో నివేదిక ఇచ్చినది. ఖర్చులో మూడవ వంతు కూడ పరిశోధనకు పోలేదని తేలినది. సంస్థ అధ్యక్షుడు జాక్ క్రోజెమారీకి 1999లో జైలుశిక్ష పడినది. మరుసటి సంవత్సరము పై కోర్టు దానిని ఖాయము చేసినది. ఒక్క సంస్థ చేసిన పాపమునకు నిజాయితీగల సంస్థలన్నియు తలవంచుకొనవలసి వచ్చినది. కనుక రసీదు అడిగే దాతను శంకించేవాడని నిందించరాదు. అతడు ధర్మమునకు కావలివాడు.

మన దేశములో కూడ విదేశీ విరాళముల చట్టము 2020లో మరింత బిగించబడినది. విదేశీ ధనములో పరిపాలన ఖర్చు నూటికి 50 వంతుల వరకు ఉండవచ్చునన్న నియమమును 20 వంతులకు తగ్గించారు. ఆ ధనమును మొదట అందుకొనుటకు క్రొత్తఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలోనే ఖాతా ఉండవలెనన్నారు. ఆసుపత్రులు, పాఠశాలలు నడిపే మనవారికి ఇవన్నియు తెలిసిన సంగతులే.

అయితే ఇక్కడ ఒక చిక్కున్నది. నూటికి ఎన్ని వంతులు ఆఫీసు ఖర్చు అన్న ఒక్క అంకెనే చూచి సంస్థ మంచి చెడ్డలు తేల్చుటకు మనము అలవాటు పడినాము. పది వంతులైతే మంచి సంస్థ, ఇరువది వంతులైతే అనుమానము, ముప్పది వంతులైతే దొంగ సంస్థ అని త్వరపడి తీర్పు తీరుస్తాము. ఒక కృత్రిమ కాలును గూర్చి ఆలోచిస్తే ఈ తీర్పు ఎంత తొందరపాటో తెలుస్తుంది.

కృత్రిమ కాలు చీర వలె, దుప్పటి వలె ఒక్కసారి పంచి చేతులు దులుపుకొనే వస్తువు కాదు. పెద్దలకు మూడు నుండి ఐదు సంవత్సరములకు ఒకసారి దానిని మార్చవలెను. ఎదిగే పిల్లలకు ఆరు నెలలకో సంవత్సరమునకో మార్చవలెను. పదేండ్ల వయస్సులో కాలు పోయిన బిడ్డ మరి నలుబది ఏబది సంవత్సరములు బ్రతికితే ఆ జీవితకాలములో సుమారు 25 కాళ్ళు కావలసివస్తవని రెడ్ క్రాస్ వారు లెక్క వేశారు. మధ్యలో పట్టీలు తెగుతవి, మొండి కాలు సన్నబడి తొడుగు వదులౌతుంది, ఒరుసుకొని పుండు పడుతుంది. అప్పుడు దానిని సరిచేసేవాడు దగ్గరలో లేకపోతే ఆ కాలు మూలన చేరుతుంది, మనిషి మరల కర్రల మీద నడుస్తాడు.

ఇప్పుడు రెండు సంస్థలున్నవనుకొందాము. ఒకటి వెయ్యి కాళ్ళు పంచి ఫొటోలు తీసుకొని వెళ్ళిపోయినది. రెండవది ఐదువందల కాళ్ళే ఇచ్చినది గాని ఊరూరు తిరిగి సరిచూచుటకు మనుష్యులను పెట్టినది, ఎవరు తొడుగుకొంటున్నారో ఎవరు మానివేశారో పేరుపేరున పుస్తకములో వ్రాయించినది, ఆ దేశపు యువకులకు ఆ పని నేర్పించినది. దాత చేతికి వచ్చే పట్టికలో మొదటి సంస్థకే ఎక్కువ మార్కులు పడుతవి. కాలు ఒక్కింటికి ఖర్చు తక్కువ, జీతములు తక్కువ, ప్రయాణపు ఖర్చులు తక్కువ. మూడేండ్ల తరువాత ఆ ఊళ్ళకు పోయి చూచినవానికి మాత్రము ఏది సొమ్ము వృథా చేసినదో అర్థమౌతుంది. 2013లో అమెరికాలో ధర్మసంస్థల లెక్కలను పరిశీలించే గైడ్‌స్టార్, ఛారిటీ నావిగేటర్, బీబీబీ వైజ్ గివింగ్ అలయన్స్ అనే మూడు సంస్థల అధిపతులు కలిసి దాతలకు ఒక బహిరంగ లేఖ వ్రాశారు. ఆఫీసు ఖర్చుల వంతు ఒక్కదానితోనే సంస్థను కొలవవద్దని ఆ లేఖ సారాంశము. ఆ కొలబద్దను ప్రజలకు అలవాటు చేసినవారే అది చాలదని చెప్పవలసి వచ్చినది.

కనుక అసలు ప్రశ్న ఇది: లెక్క ఎవరికి అప్పజెప్పవలెను? సొమ్ము దాతది గనుక దాతకే అని సామాన్యముగా చెప్పుతాము. ఇందులో న్యాయమున్నది గాని పూర్తి న్యాయము లేదు. ఒక పోలిక చెప్పుకొందాము. తండ్రి లేని మైనరు పిల్లవాని పొలమునకు మేనమామ సంరక్షకుడుగా ఉన్నాడు. అతడు ఏటేటా కోర్టుకు లెక్క చూపుతాడు. కోర్టు చూచి సరియే అంటుంది. అయినను ఆ పిల్లవాడు పెద్దవాడై, "మామయ్యా, నా పొలము మీద వచ్చినదేమి, మీరు చేసినదేమి?" అని అడిగితే, "కోర్టుకు చూపినాను, నీకెందుకు?" అనుట న్యాయమా? ఆ ధనము ఎవరి పేరిట చేతికి వచ్చినదో వారికే మొదటి హక్కు. వికలాంగుల సంస్థల విషయము కూడ ఇట్టిదే. దాత హృదయమును కదిలించినది ఆ బిడ్డ ఫొటో. ఆ బిడ్డ పేరు చెప్పియే చందా వచ్చినది. అది వచ్చిన క్షణము నుండి ఆ ధనము ఆ బిడ్డ తరఫున మరియొకరి చేతిలో ఉన్న ధనము. దాత ఇచ్చివేసి తన పనికి పోతాడు. అమర్చిన కాలు సరిపోయినను సరిపోకపోయినను దానితో బ్రతకవలసినది ఆ బిడ్డ.

మన తాతలకు ఈ సంగతి బాగుగా తెలుసు. రైల్వే కాలనీలలో, మిల్లులలో, గనులలో పనిచేసి ఊరికి మనియార్డరు పంపినప్పుడు, కొన్నాళ్ళకు తల్లి వేలిముద్రతోనో తండ్రి సంతకముతోనో ఒక చీటీ తిరిగి వచ్చేది. పోస్టుమాస్టరు మాట వారికి చాలదు. అందుకొన్న చేతి గుర్తు కావలెను. ఆ పాత పద్ధతి మనియార్డరు 2015లో ఆగిపోయినది గాని దానిలోని నీతి పాతబడలేదు. పుచ్చుకొన్నవాని చేతి గుర్తు లేని లెక్క ముగిసిన లెక్క కాదు. వికలాంగుల విషయములో ఆ గుర్తు కూడ రెండుసార్లు కావలెను. చేరినదని ఒకసారి, పనికి వచ్చినదని మరియొకసారి.

పుచ్చుకొనేవాని మాట వింటే పని ఎంత మారుతుందో మన దేశములోనే ఒక సాక్ష్యమున్నది. పాశ్చాత్య దేశముల కృత్రిమ పాదము బూటులో పెట్టుకొని నడుచుటకు చేసినది. మన రైతు బూటు వేసుకొని పొలములో దిగడు, కుర్చీ మీద కూర్చుండి అన్నము తినడు. అతనికి క్రింద కూర్చుండవలెను, గొంతుకూర్చుండవలెను, బురదలో నడవవలెను. ఇచ్చిన కాళ్ళను రోగులు ఎందుకు విడిచిపెట్టుచున్నారని ఆలోచించి, జైపూరులో డాక్టరు ప్రమోద్ కరణ్ సేఠీ, పెద్దగా చదువుకొనని పనిమంతుడు రామచంద్ర శర్మ కలిసి 1960ల చివరలో వట్టి కాలితో నడువగల రబ్బరు పాదమును తయారుచేశారు. అదియే నేడు ప్రపంచమంతట పేరుపొందిన జైపూరు పాదము. తొడుగుకొనేవాని ఫిర్యాదును కృతఘ్నత అని తోసివేసియుంటే ఆ పాదము పుట్టేది కాదు.

చక్రాల కుర్చీల సంగతియు ఇంతే. కొలత సరిపోని కుర్చీలో దినమంతా కూర్చున్న బిడ్డకు వెన్ను వంగుతుంది, స్పర్శ లేని చోట పుండ్లు పడి ప్రాణము మీదికి వస్తుంది. అందుచేతనే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో ఇచ్చిన సూచనలలో కుర్చీ ఇచ్చుటను ఎనిమిది మెట్ల పనిగా చెప్పినది. మనిషిని పరీక్షించుట, తగిన కుర్చీ ఏదో నిర్ణయించుట, శరీరమునకు సరిపడునట్లు అమర్చుట, వాడుక నేర్పుట, తరువాత మరమ్మతు చూచుట అందులోనివి. మనము ఫొటోలో చూచే అప్పగింత ఆ మెట్లలో నడిమి సంగతి మాత్రమే.

దీనికి ఒక అభ్యంతరము కలదు. అది తేలికగా కొట్టివేయదగినది కాదు. "ఉన్న సొమ్ము కొంచెము. ఎదురుచూచేవారు ఎందరో. ఒకరికి అన్ని మెట్లు పూర్తిచేస్తూ కూర్చుంటే ఇద్దరు నేల మీద ప్రాకుచునే ఉండవలెను. అందరికి కొంచెమైనా ఇచ్చుట దయ కాదా?" అని కొందరంటారు. నిజమే. సహాయక పరికరములు కావలసినవారు లోకములో 250 కోట్లమందికి పైగా ఉన్నారని 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ కలిసి ప్రకటించినవి. కళ్ళజోళ్ళు, వినికిడి మిషన్లు కూడ ఆ లెక్కలోనివే. కొన్ని పేద దేశములలో వారిలో నూటికి ముగ్గురికే అవి అందుచున్నవట. ఇంత కొరతలో కొలతలు చూచుకొంటూ కూర్చుండుట కొందరికి కఠినముగా తోచవచ్చును.

మా జవాబు ఇది. తక్కువ మందికి ఇవ్వవలెనా, ఎక్కువ మందికా అన్నది ఆయా స్థలములను బట్టి తేల్చవలసిన విషయము. దానికి ఒకే సూత్రము లేదు. కాని తొడుగుకొనలేని కాలును ఇచ్చిన కాలుగా లెక్కలో వ్రాయుట మాత్రము అబద్ధము. ఐదువందలమందికే ఇచ్చినాము, మరి ఐదువందలమంది వరుసలో నిలిచియున్నారు అని వ్రాసే సంస్థ దాతల ముందు చిన్నబోవచ్చును, గాని సత్యము చెప్పినది. వరుసలో మిగిలినవారి పేర్లు కూడ లెక్కలో భాగమే. వారిని దాచినప్పుడే దయ మోసముగా మారుతుంది.

ఇటీవల మరియొక సంగతి ఈ ప్రశ్నను ఇంకను పదును చేసినది. 2025 జనవరి 20న అమెరికా ప్రభుత్వము విదేశీ సహాయమును 90 దినములు నిలిపివేసినది. తరువాత అనేక కార్యక్రమములు రద్దయినవి. ఆ సహాయమును నడిపిన ప్రభుత్వ శాఖ అదే సంవత్సరము జూలై 1తో ముగిసిపోయినది. మందుపాతరలు తీసే పని, కాళ్ళు అమర్చే పని చేసే సంస్థలు చాలా దెబ్బతిన్నవి. పైన చెప్పిన సంస్థ కూడ వాటిలో ఒకటి. సొమ్ము ఆపిన ప్రభుత్వము తన పన్నులు కట్టేవారికి లెక్క చెప్పుకొన్నది. ఆరు నెలలలో కాలు మార్చవలసిన బిడ్డకు ఎవరు లెక్క చెప్పవలెను? ఆ బిడ్డ ఏ పద్దు క్రింద వస్తాడు?

ఇక్కడ మనబోటి చిన్న దాతలు నేర్చుకొనవలసినది ఒకటున్నది. సంస్థ ఖాతాలో నిల్వ ధనము కనబడితే, "పేదల సొమ్ము బ్యాంకులో మూలుగుచున్నది" అని విసుగుకొంటాము. నిల్వ మితిమీరితే అడగవలసినదే. కాని ఒక కాలు అమర్చిన దినమున సంస్థ ఆ మనిషికి పెద్దవాగ్దానమే చేసినది. పెద్ద దాత చేయి తీసివేసినను మరమ్మతు ఆగకుండుటకు ఉంచిన నిల్వ లోభము కాదు. మన తల్లులు బియ్యపు డబ్బాలో దాచిన చిల్లర వంటిది. ఏ పనికని పేరు పెట్టకుండ ఇచ్చే చందాలకు విలువ ఇందుచేతనే ఎక్కువ.

ఈ ఆలోచన మనకు క్రొత్తది కాదు. యెరూషలేములోని బీదల కొరకు పోగైన చందాను పౌలు ఒంటరిగా చేతపట్టుకొని పోలేదు. ఎవరును వేలెత్తి చూపకుండునట్లు, సంఘములు నియమించిన మనుష్యులను వెంటబెట్టుకొన్నాడు. ఇది పైకి అప్పజెప్పే లెక్క. అయితే అపొస్తలుల కార్యములు ఆరవ అధ్యాయములోని సంగతిని కూడ మరువరాదు. దినదినము జరిగే పంపకములో తమ విధవరాండ్రను చిన్నచూపు చూస్తున్నారని గ్రీకు భాష మాట్లాడేవారు సణిగినారు. వారు ఆ పట్టణములో పరభాషవారు. భాష వేరైనచోట బ్రతికే మనకు వారి బాధ వేరుగా చెప్పనవసరము లేదు. పెద్దలు ఆ ఫిర్యాదును గద్దించలేదు. పంపకము చూచుటకు ఏడుగురిని ఏర్పరచినారు. ఆ ఏడుగురి పేర్లన్నియు గ్రీకు పేర్లే. అనగా ఎవరికి అన్యాయము జరిగినదో వారి చేతికే గంప అప్పగించబడినది. మన డీకన్ల పరిచర్యకు మూలముగా మనము చెప్పుకొనే ఆ ఏర్పాటు, పుచ్చుకొనేవారి ఫిర్యాదు నుండి పుట్టినది.

నేటి లోకము కూడ ఆలస్యముగానైనా ఈ మాటకే వచ్చినది. 2006లో ఐక్యరాజ్య సమితి ఆమోదించిన, 2007లో మన దేశము ఒప్పుకొన్న వికలాంగుల హక్కుల ఒడంబడిక, వారిని గూర్చిన నిర్ణయములలో వారిని సంప్రదించవలెనని స్పష్టముగా చెప్పుచున్నది.

కనుక ఇకమీదట ఏ సంస్థకైనను చందా వ్రాసేముందు మనము అడుగుచున్న ప్రశ్నకు మరి నాలుగు చేర్చవలెనని కోరుచున్నాము. మీరు ఇచ్చిన కాళ్ళు, కుర్చీలు, వినికిడి మిషన్లలో మూడేండ్ల తరువాత వాడుకలో ఉన్నవెన్ని? చెడిపోతే ఎవరు, ఎంత దూరములో బాగుచేస్తారు? మీ కమిటీలో వికలాంగులు ఎందరు, వారికి ఓటున్నదా? మీ మీద ఫిర్యాదు ఉంటే పుచ్చుకొనేవాడు ఎవరితో చెప్పుకొనవలెను, నిరుడు అట్లు వచ్చిన ఫిర్యాదులెన్ని? ఒక్క ఫిర్యాదు కూడ లేదని జవాబు వస్తే సంతోషించకండి. చెప్పుకొనే దారి లేదేమోనని మరల అడగండి.

పరులను అడుగుటకు ముందు ఈ ప్రశ్నలు మన సంఘములలోనే మొదలుపెట్టవచ్చును. ప్రతి సంఘములో బీదల నిధి ఉన్నది. వార్షిక కూడికలో కోశాధికారి లెక్క చదువుతారు, ఆడిటరు సంతకము చూపుతారు, అందరము సరే అంటాము. ఆ నిధి నుండి సహాయము పొందిన విధవరాలు, కాలు లేని సహోదరుడు ఆ కూడికలోనే చివరి బల్ల మీద కూర్చుండి వింటుంటారు. వారికి అవమానము కలుగకుండ, నలుగురిలో నిలబెట్టకుండ, ఇద్దరు పెద్దలు వారి ఇంటికి పోయి, "మేము చేసినది మీకు పనికి వచ్చినదా? మరి ఏమి చేయవలసియుండెను?" అని అడిగి, ఆ జవాబును కూడ లెక్కతోపాటు పుస్తకములో వ్రాసియుంచవలెను. ఈ సంవత్సరపు లెక్కలు ముగించేలోగా సంఘ కాపరులు, డీకన్లు, కోశాధికారులు దీనిని చర్చకు పెట్టవలెనని మనవి.